కొలొకాస్ కడిగిన మనిషి

టర్కీ ఒడ్డు దాటి వచ్చినవాళ్ళంటే ఎమెతెకు ఒళ్ళు మంట. మంట కూడా కాదు, రోత. వాళ్ళ యాస రోత, తలగుడ్డ ముడి రోత, వాకిట్లో చాప పరుచుకుని తినే తీరు మరీ రోత.

అలాంటిది, ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా పట్టుబట్టి ఆమె గోడ పక్కనే చేరింది గుల్సుమ్. పన్నెండేళ్ళ కిందట టర్కీ నుంచి మొగుడి వెంట వచ్చింది. మొగుడు రాతి గనిలో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. పండగొస్తే చాలు, గిన్నె నిండా ఏదో ఒకటి వండుకుని "అక్కా!" అంటూ ఎమెతె గుమ్మంలో నిలబడేది.

"ఎవరే నీకు అక్క?" అంటూ గిన్నె లాక్కుని ధడాలున తలుపేసేది ఎమెతె. మర్నాడు ఖాళీ గిన్నె గోడ మీద ఉండేది. కోళ్ళకు పోశానని ఊరంతా చెప్పేది. పెళ్ళీ పెటాకులూ లేని ఒంటరి మనిషి, ఆమెకు కోళ్ళెక్కడివని ఎవరూ అడగలేదు.

ఉత్తరాన టర్కిష్ వాళ్ళు, దక్షిణాన గ్రీకులు అని చీలిపోయిన సైప్రస్ దీవి రెండు ముక్కలూ ఇన్నాళ్ళకు కలవబోతున్నాయి. కలవాలంటే ముందు ఒడ్డు దాటి వచ్చినవాళ్ళ సంగతి తేలాలి కదా! ఎవరుండాలో ఎవరు పోవాలో రాసుకోవడానికి రాజధాని లెఫ్కోషా నుంచి ఒక అధికారి వచ్చి కాఫీ కొట్టులో బల్ల వేసుకుని కూర్చున్నాడు. నియమం చిన్నదే. దీవిలో పుట్టిన పొరుగు మనిషి ఒకరు 'ఈమె మాలో కలిసిపోయింది' అని సంతకం పెడితే ఉండొచ్చు. లేదంటే ఓడెక్కాలి.

గుల్సుమ్‌కు పొరుగంటే ఎమెతే.

అధికారి మొదట ఎమెతె కాగితాలు తిరగేశాడు. "మీరూ డెబ్భై అయిదులో టర్కీ ఓడలోనే దిగినట్టు రాసుందే?"

ఎమెతె అంతెత్తున లేచింది. "నోటికెంత మాటొస్తే అంత అనెయ్యడమేనా బాబూ? మాది దక్షిణాన, బాఫ్ దగ్గర పల్లె. అక్కడ మావాళ్ళను బతకనివ్వకపోతే ఇంగ్లీషు సైన్యం డేరాల్లో ఆర్నెల్లు పడున్నాం. అక్కణ్ణుంచి విమానంలో టర్కీకి, టర్కీ నుంచి ఓడలో ఇటు తోలారు మమ్మల్ని. మా బావిగట్టు రాయొకటి విరిగుండేది. పక్కింటి గ్రీకావిడ దెస్పినా, 'నీ మేకల్ని నేను చూసుకుంటాలేవే, నువ్వు పో' అని ఏడ్చింది. ఇంకేం చెప్పమంటావు?"

ఈ కథ ఊరందరికీ కంఠతా వచ్చు. అయినా విన్నప్పుడల్లా ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకుంటారు. ఆ పల్లెవాళ్ళు ఇంకెవరూ ఇటు రాలేదు, పాపం ఒక్కతే మోస్తోందని జాలి.

ఊరిపెద్ద హుదావెర్ది కసిరాడు. "ఎవర్ని అడుగుతున్నావయ్యా? ఈమెను మించిన అసలుసిసలు దీవి మనిషి ఈ ఊళ్ళో ఉందా?"

అధికారి సిగ్గుపడి 'స్థానికురాలు' అని రాసుకున్నాడు. గుల్సుమ్ నేల చూపులు చూస్తూ కూర్చుంది.

"మీకిక్కడ నా అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఆమెను అడిగాడు.

"లేరండీ."

"అయితే ఈ సంతకమే దిక్కు." కాగితం ఎమెతె ముందుకు జరిపాడు.

"అక్కా," అంది గుల్సుమ్, "పిల్లలు ఇక్కడే పుట్టారు. వాళ్ళకింకో ఊరు తెలీదు. మీరొక్క గీత గీస్తే చాలు."

ఎమెతె చెయ్యి కలం దాకా వెళ్ళి ఆగింది. కొట్టు కొట్టంతా తనకేసే చూస్తోంది.

"ఈమె కొలొకాస్ కడుగుతుంది," అంది.

కొట్టంతా గొల్లున నవ్వింది. కొలొకాస్ అంటే చేమదుంపకు పెద్దన్న. చెక్కు తీశాక దానికి చుక్క నీళ్ళు తగలకూడదు. తరగకూడదు కూడా, కత్తిమొన గుచ్చి ముక్క విరవాలి. తడి తగిలిందా, కూరంతా జిగురే. దీవిలో ఐదేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది.

"చెక్కు తీసి, కుళాయి కింద పెట్టి, బంగాళాదుంపను రుద్దినట్టు రుద్దుతుంది. పన్నెండేళ్ళుగా ఈ కళ్ళతో చూస్తున్నా! ఇదా కలవడం? నూరేళ్ళున్నా వీళ్ళ బతుకింతే."

"చీముడు కూర!" అని అరిచాడెవడో. ఊరిపెద్ద పడీ పడీ నవ్వాడు. అధికారి నవ్వాపుకుంటూ గుల్సుమ్ పేరు కొట్టేశాడు.

ఛీ! ముగ్గురి బతుకు ఒక దుంప మీద తేల్చేశారు. పైగా దానికి ఇకిలింపులు. కాఫీ వదిలేసి లేచిపోయినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

శుక్రవారం పొద్దున రేవుకు వెళ్ళే బస్సు వచ్చి వీధిలో ఆగింది. ఎమెతె గోడ దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "పీడ విరగడైంది!" అంది, వీధంతా వినబడేలా.

గుల్సుమ్ పిల్లలిద్దర్నీ బస్సెక్కించి వెనక్కి వచ్చింది. మూటగట్టిన గిన్నె గోడ మీద పెట్టింది. అటూ ఇటూ చూసి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అక్కా, ఊరెళ్ళాక మన అమ్మకి నీ గురించి ఏం చెప్పమంటావు?"