నిన్నటి అంకెలు

"నిన్న నలభై ఎలుకల రక్తంలోనూ ఒత్తిడి హార్మోను మూడింతలైంది. ఎందుకో తేలకపోతే నా రెండేళ్ల పరిశోధన మట్టిపాలే అక్కా," అంది డాక్టరమ్మ.

ప్రయోగశాలలో బోనులు కడిగే ఆమె చీపురు గోడకు ఆనించింది. రోజూ తను చెయ్యి పెడితే అరచేతిలోకి ఎక్కే ఎలుకలు నిన్న మూలల్లో నక్కాయి.

"సబ్బు మార్చావా?"

"లేదమ్మా."

"మేత?"

"అదే."

"మరి వాటికేం దయ్యం పట్టింది? నిన్న ఆలస్యంగా వచ్చావు కదా, ఎక్కడి నుంచి?"

"ఆసుపత్రి నుంచమ్మా. తెల్లవారుజామున మా ఆయన పోయారు. మనిషిని సాయంత్రం అప్పగిస్తామన్నారు. అందాకా ఏం చెయ్యాలో తోచక వచ్చి బోనులు కడిగాను. చీకటి పడేలోపే దహనం అయిపోయింది, ఇవాళా ఇంట్లో ఉండలేక వచ్చేశాను."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "నాతో ఒక్క మాటైనా అనలేదేం? ఎప్పటిలాగే నవ్వావు కూడా."

"నాకేమీ అనిపించలేదమ్మా. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. 'ఇది ఆడదా, బండరాయా' అంది మా ఆడపడుచు, అందరి ముందూ. నిజమేననుకున్నాను."

"లోపల కుమిలిపోతుంటే మనిషి చేతుల వాసన మారుతుందక్కా. మనకు తెలియదు, ఎలుకలకు తెలుస్తుంది," అంటూ డాక్టరమ్మ అంకెల కాగితం ఆమె ముందుకు జరిపింది.

ఆమె నలభై అంకెలనూ వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"అయితే నేను ఏడ్చినట్టేనా అమ్మా?"