పలకకుండా తాగాల్సిన పసరు

"నోరు మూసుకుని రా. ఒక్క మాట పలికావా, మందు పనిచెయ్యదు."

రాజ్యం కోడలికి ఇంటి దగ్గరే చెప్పింది. అద్దంకి దాకా బస్సులో చెప్పింది. అక్కణ్ణించి ఆటోలో మళ్లీ చెప్పింది.

పెళ్లయి నాలుగేళ్లయినా ఆశ్రితకి పిల్లల్లేరు. పసరు వైద్యుడు ఆదివారం పొద్దున్నే పరగడుపున మందు పోస్తాడు. నిద్ర లేచింది మొదలు గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగే ఆడమనిషి మాట్లాడకూడదు. అది ఆయన నియమం.

మొగుడికి మాత్రం ఏ నియమమూ లేదు. ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాడు.

"వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు" అంటుంది రాజ్యం.

ఆటో దిగిన చోట మిరపకాయల కళ్లం. తొడిమలు తీస్తున్న ఒకావిడ గబగబా లేచి వచ్చింది. రేగిన జుట్టు, చీర నిండా కారం దుమ్ము.

"అమ్మాయ్, నెల తప్పిందా?"

ఆశ్రితకి తేదీ దాటి పన్నెండు రోజులు. ఇదివరకు రెండుసార్లు ఇలాగే దాటితే, అత్త ఊరంతా చాటాక నెలసరి వచ్చేసింది. అందుకే ఈసారి ఎవరికీ చెప్పలేదు.

నోరు తెరవబోయింది. రాజ్యం అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పలకకు!" అని, ఆవిడ మీదికి తిరిగింది. "నీకెంతమంది పిల్లలు?"

"లేరండి."

"ఛీ! పొద్దున్నే గొడ్రాలు ఎదురొచ్చింది. నీకు లేరని ఇంకొకరికీ కలగకూడదా?"

"నన్ను తిట్టండి, పర్లేదు. ముందు డాక్టరుకి చూపించండమ్మా. కడుపుతో ఉంటే ఆ పసరు..."

రాజ్యం కాండ్రించి ఉమ్మింది. కోడల్ని రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

వైద్యుడి వసారాలో వరసగా ఆడవాళ్లు. ఒక్కరికీ నోరు లేదు. ఒకటే స్టీలు గ్లాసు, కడగకుండానే చేతులు మారుతోంది. అంచున ముందు తాగినవాళ్ల ఎంగిలి. లోపల జిగటగా పచ్చటి పసరు, కుళ్లిన ఆకుల కంపు. వైద్యుడు ముక్కు చీదాడు. అదే చేత్తో పసరు కలిపాడు. చూస్తేనే డోకొస్తుంది.

రాజ్యం ఆ గ్లాసుని కళ్లకద్దుకుని అందించింది.

ఆశ్రిత పొట్ట మీద చెయ్యి పెట్టుకుని అత్త వైపు చూసింది. కళ్లతోనే చెప్పాలనుకుంది.

"చూస్తావేం, తాగు."

తాగింది.

సాయంత్రానికి కడుపులో మెలిపెట్టింది, రక్తం ఆగలేదు. గుంటూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఆరు వారాల గర్భం. పోయిందండి. ఏం తాగించారు?"



నాలుగో రోజు రాజ్యం ఆ కళ్లానికి వెళ్లింది. తొడిమల ఆవిడ లేదు.

"ఆమె ఆదివారాలే వస్తుందండీ" అంది పక్కనున్న కూలీ.

"ఎవరామె?"

"ఆ వైద్యుడి పెళ్లామేనండీ. తొలిచూలు ఆ పసరుకే పోయింది, మళ్లీ నిలవలేదు. అప్పట్నించీ ఆయన్నొదిలేసి, వచ్చిన ప్రతి ఆడపిల్లనీ ఇక్కడే ఆపి అడుగుతుంది. ఆమెకి ఎవరూ బదులు చెప్పకూడదనే ఆయన ఆ పలకకూడదన్న నియమం పెట్టాడు."