వాఫిల్ చాడీ

"ఆ వాఫిల్ సంగతి మీ నాన్నకు మోసింది నువ్వే. అవునా, కాదా?"

రాగ్నా గుమ్మంలోనే నిలబడి అడిగింది. మంచు మీద జారే స్కీలకు మైనం పట్టించే ఆ చెక్క గదిలో సిగ్నే ఒక్కతే ఉంది. బల్లకు బిగించిన స్కీ మీద వేడి ఇస్త్రీపెట్టె నడుపుతోంది. తల ఎత్తలేదు.

"తలుపు వెయ్యవే. చలి లోపలికొస్తోంది."

"రానీ. నీ గుండె అంత గడ్డకట్టిందేం కాదులే."

ఆ పొద్దున్నే సిగ్నే వాళ్ల నాన్న, కోచ్ హాల్వర్, ఆదివారం జరిగే స్కీ రిలే పందేనికి జట్టు పేర్లు చదివాడు. అందులో రాగ్నా పేరు లేదు. ఎందుకని అడిగితే ఆయన నవ్వుతూనే చెప్పాడు. "మన దారంతా ఎత్తే కదమ్మా. కొండ మీదికి వాఫిళ్లు మోసుకెళ్లేవాళ్లు నాకొద్దు." అమ్మాయిలందరూ నవ్వారు. ఏడుపు బయటపడకుండా రాగ్నా కూడా నవ్వింది.

అడవిలోని కాఫీ గుడిసెలో ఆమె ఆ తీపి వాఫిల్ అట్టు తిన్నప్పుడు పక్కనున్నది సిగ్నే. ఇంకెవరూ చూడలేదు.

"ఒక్కటే తిన్నానే! అదీ జామ్ లేకుండా. చలికాలమంతా ఆయన చెప్పినట్టే విన్నాను. డబ్బాలో రెండు ఎండు రొట్టెలు, నాలుగు దోసకాయ ముక్కలు. మూత తీసి చూపించమంటే చూపించాను. మా అమ్మ వెన్న రాసిన రోజున గీకి పారేశాను. అంతా ఈ రిలే కోసమే కదా? మధ్యాహ్నం ఇంటికెళ్లి ఆయన కళ్ల ముందు తినేదానివి, నీకు మాకన్నా తక్కువే పెడతాడు పాపం అని మేమంతా జాలిపడ్డాం. ఆకలంటే ఏమిటో తెలిసినదానివి, నువ్వు చెప్తావా!"

"నేనే చెప్పాను," అంది సిగ్నే.

కాదంటుందనే అనుకుంది రాగ్నా. కాదంటే తిట్టడానికి మాటలు సిద్ధంగా ఉన్నాయి.

సిగ్నే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఎడమ కాలు చూపించు."

"ఎందుకు?"

"నిన్న బస్సు మెట్లు పక్కకు తిరిగి దిగావు. మొన్న మూడో మలుపు దగ్గర చేతి తొడుగు నోట్లో కుక్కుకుని ఏడ్చావు. చూసినవాళ్లు చెమట తుడుచుకుంటోందనుకున్నారు. నేననుకోలేదు."

రాగ్నా ఎడమ కాలు వెనక్కి లాక్కుంది. మోకాలి కింద ఎముక కొన్ని వారాలుగా సలుపుతోంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతోంది.

"ఇంకోటి. ఇదివరకు ప్రతి నెలా ప్యాడ్ మర్చిపోయానంటూ నా సంచీ కెలికేదానివి. పోయిన వేసవి నుంచి ఒక్కసారీ అడగలేదు."

"అది మంచిదే కదా? ఒళ్లు సాధనకు అలవాటు పడిందన్నమాట అని మీ నాన్నే అన్నాడు."

"ఆయన అంటాడు. స్కూలు నర్సమ్మ వేరేలా చెప్పింది. తిండి చాలకపోతే ఒళ్లు ముందు దాన్నే ఆపేస్తుందట. ఆ తరవాత ఎముకల జోలికొస్తుందట."

"అయితే నా కాలు బాలేదని చెప్పాల్సింది! వాఫిల్ మాటెందుకు?"

"కాలు మాటే ముందు చెప్పానే పిచ్చిమొహమా!" సిగ్నే అరిచింది. "'నొప్పి ఎవరికి లేదు, ఆదివారం గడవనీ' అన్నాడు. ఇంకేం చెప్తే వింటాడు? వాఫిల్ తిందన్నాను. అప్పుడు కొట్టేశాడు నీ పేరు."

రాగ్నా మెల్లగా బెంచీ మీద కూలబడింది. మోసపోయానన్న కోపం అలాగే ఉంది, కానీ అది ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. ఇంతలో ఆమె కడుపు ఆకలికి గుర్రుమంది. ఇద్దరికీ వినబడింది.

సిగ్నే తన సంచీలోంచి ఒక కాగితం పొట్లం తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. "ఇవాళ ఇంటికెళ్లలేదు. నీతో తిందామని తెచ్చాను."

పొట్లం విప్పింది. వేలెడు మందాన కోసిన రొట్టెలు. వెన్న ధారాళంగా పూసి ఉంది. ఒకదాని మీద గుడ్డు ముక్కలు, ఇంకోదాని మీద గోధుమరంగు చీజ్ పలకలు. ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పల్చటి కాగితాలు.

సిగ్నే తినేముందు ప్రార్థనకు అలవాటుగా చేతులు జోడించి ఆగింది. "నువ్వు?"

"మానేశాను," అంది రాగ్నా. "ఈ రొట్టె ఇచ్చినందుకు వందనాలు ప్రభువా అనడం, తరవాత దాన్నే చెత్తబుట్టలో వెయ్యడం. ఆ దేవుడికి మాత్రం వినాలనిపిస్తుందా?"

"ఇవాళ వింటాడులే."

ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థన అయ్యాక రాగ్నా ఒక ముక్క అందుకుంది. వెన్న నాలుకకు తగలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపకుండా తినేసి, చివరికి కాగితానికి అంటుకున్న చీజ్ కూడా వేలితో తీసి నాకింది.

"ఎంత పొందిగ్గా కట్టావే!" అంది. అప్పటికి కాస్త నవ్వగలిగింది.

"నేను కట్టలేదు."

"మీ అమ్మా?"

సిగ్నే కిటికీ వైపు చూసింది. బయట మంచు వాలు మీద హాల్వర్ చేతులూపుతూ, ఎత్తెక్కుతున్న అమ్మాయిలను చూసి అరుస్తున్నాడు. "తేలిగ్గా! ఇంకా తేలిగ్గా!"

"నాన్న," అంది సిగ్నే. "ఇంట్లో నాకు రోజూ ఇలాగే పెడతాడు, ఇవాళ కట్టిచ్చాడు. జట్టువాళ్ల ముందు మాత్రం విప్పకు అన్నాడు."