ఎముక చెప్పిన సాక్ష్యం

"కాలు కదపొద్దమ్మా."

అరుణాచలం ఇత్తడి కొలబద్దను తల్లి కుప్పమ్మాళ్ మోకాటి కింది ఎముకకు ఆనించాడు. ముప్పైనాలుగు సెంటీమీటర్లు. నాయనది నూనె రాసే నెపంతో పొద్దున్నే కొలిచేశాడు. ముప్పైయేడు.

"ఏందిరా ఇది? నేనేమన్నా మీ దొర ఎలుకనా?"

ఆ దొర ఒర్లియంపేటలో చిట్టెలుకల్ని పెంచే ఫ్రెంచి డాక్టరు. బాహూరు పొలాల పొడుగుకాళ్ల ఎలుకల్ని ఊళ్లోని పొట్టికాళ్ల ఎలుకలతో జతకట్టించి, పుట్టిన సంకర పిల్లల ఎముకలు కొలిపిస్తాడు. కొలిచేది అరుణాచలమే. పిల్ల ఎముక తల్లీతండ్రుల కొలతలకు మధ్యన ఉంటుందని మూడేళ్లుగా చూస్తున్నాడు. మనవల తరంలో ఈ లెక్క తప్పుతుందని దొర ఎన్నిసార్లు చెప్పినా అతని చెవికెక్కలేదు.

అరుణాచలం సొంత కాలి ఎముక ముప్పైయారు. తమ్ముడు అయ్యాసామిది నలభై!

"వాడు మీ ఇద్దర్నీ దాటిపోయినాడు. నిజం చెప్పు, వాణ్ని యాడనుంచి తెచ్చినావు?"

ఈ ఎముకల గోలకు మూలం ఒట్టి అసూయ. అమ్మ తమ్ముణ్ని నోరారా తిడుతుంది, వీపున ఒక్కటేస్తుంది, మరుక్షణం ముద్ద కలిపి నోట్లో పెడుతుంది. అరుణాచలాన్ని మాత్రం పల్లెత్తు మాట అనదు. పెద్ద చేపముక్క అతనికే, కొత్త పంచె ముందు అతనికే. అయినా ఆ తిట్లకోసం, ఆ దెబ్బలకోసం ఇరవైరెండేళ్లుగా కుళ్లి చస్తున్నాడు.

కుప్పమ్మాళ్ ముఖం పాలిపోయింది. "నీకెవురు చెప్పినార్రా?"

అరుణాచలం గుండె గంతులేసింది. "అయితే నిజమే! నాయన రానీ, అంతా చెప్తా."

"నాయనకి తెలుసు. బాహూరు చెరువుకాడ గుడ్డలో చుట్టి ఉన్నాడు, ఇద్దరం కలిసే తెచ్చుకున్నాం. తెలిస్తే బిడ్డ మనసు విరిగిపోతాదని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాం."

"విరగనీ! పెంచినంత మాత్రాన కొడుకైపోతాడా?"

"అవుతాడు నాయనా." ఆమె ఏడుస్తోంది. "కన్నబిడ్డకన్నా ఎక్కువే అవుతాడు."

ఆ మాటతో అతనికి ఒళ్లు మండిపోయింది. చేతిలోని కొలబద్దను గోడకేసి కొట్టాడు.

"ఈ పొద్దే వాడు ఇల్లు వదలాల. నువ్వు దొరికినోడివని వాడికి నువ్వే చెప్పు. నా ఎదురుగ్గా చెప్పు!"

కుప్పమ్మాళ్ అతని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీకే గదరా చెప్పినాను."