దగ్గకు తల్లీ

పంతులమ్మ కవరు చింపి ఉత్తరం విప్పుతుండగా చిట్టికి దగ్గొచ్చింది.

ఒక్కసారే. అదీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ముడుచుకుని దగ్గింది. అంతవరకూ "ఈ కిటికీ గది పాపకి ఇవ్వండి, పొద్దున్నే ఎండ పడుతుంది" అని నవ్వుతూ ఇల్లంతా తిప్పి చూపించిన పంతులమ్మ, ఉత్తరం మీంచి తలెత్తింది. ఒకసారి పిల్లని చూసింది, ఒకసారి తండ్రిని చూసింది. బల్ల మీద పెట్టిన తాళంచెవి తీసి జేబులో వేసుకుంది.

"క్షమించండి. ఇల్లు ఇవ్వడం కుదరదు."

"అమ్మా, అది అంటుకునే దగ్గు కాదు. డాక్టరు చీటీ ఉంది, చూపిస్తాను..." తండ్రి సంచీలో చెయ్యి పెట్టాడు.

"దయచేసి వెళ్ళండి," అంటూ ఆవిడ వీధి తలుపు బార్లా తీసింది.

ఇది తొమ్మిదో ఇల్లు. ఈ పరాయి ఊళ్ళో అద్దెకి ఇల్లు కావాలంటే, ఇప్పుడున్న ఇంటి యజమాని మన గురించి ఉత్తరం రాసివ్వాలి. కవరు అంటించి, అతుకు మీద సంతకం చేసి మరీ ఇవ్వాలి. దాన్ని కొత్త యజమానే విప్పాలి. అది లేనివాడికి ఇల్లు కాదు గదా, గుమ్మం కూడా చూపించరు. వీళ్ళ దగ్గర ఉత్తరం ఉంది. ఉండి ఏం లాభం? మొదట్లో తన మాట యాస చూసి ఇవ్వడం లేదనుకున్నాడు తండ్రి. తర్వాత ఒంటి రంగనుకున్నాడు. ఇప్పుడు ఏ అనుమానమూ మిగల్లేదు. పిల్ల దగ్గే కొంప ముంచుతోంది.

వీధిలోకి రాగానే తల్లి చెయ్యెత్తింది.

"బస్సులో చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఆవిడ ముందు దగ్గొద్దన్నానా లేదా?"

"ఆపుకున్నానమ్మా, ఒట్టు. ఆరు దగ్గులు ఆపుకున్నా. ఏడోది వచ్చేసింది."

ఆ మాట విన్నాక కొట్టే తల్లి ఎవరుంటారు! ఎత్తిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

"ఇంక దగ్గు తల్లీ, ఎంతసేపైనా దగ్గు," అన్నాడు తండ్రి. లాండ్రీలో ఇస్త్రీ చేసి చేసి బొబ్బలెక్కిన చేత్తో పిల్ల వీపు నిమిరాడు. చిట్టి దగ్గింది. పేగులు నోట్లోకి వచ్చేలా దగ్గింది. పెదాలు నల్లబడేదాకా దగ్గింది. 'చలి ముదిరేలోగా ఆ చెమ్మ గదిలోంచి బయటపడండి. ఇంకో చలికాలం అక్కడుంటే నా చేతుల్లో ఏమీ ఉండదు' అన్నాడు డాక్టరు. చలి మొదలై అప్పుడే వారమైంది.

ఇంటికి తిరిగొచ్చాక, సగం నేలలో దిగబడిన ఆ గదికి వెళ్ళబుద్ధి కాక, ముగ్గురూ తిన్నగా పై అంతస్తుకి ఎక్కారు. అక్కడ ఇంటి యజమానురాలు ఉంటుంది. మన భాషావిడే. వీళ్ళు ఆవిడని నోరారా 'అక్కగారూ' అని పిలుస్తారు.

ముఖాలు చూడగానే ఆవిడకి సంగతి తెలిసిపోయింది.

"ఇవ్వలేదా?"

"లేదక్కగారూ. సరిగ్గా ఉత్తరం చదివే టైముకి ఇది దగ్గింది."

"నాకు తెలుసులేవమ్మా. వీళ్ళకి పైకి నవ్వు, లోపల విషం. మనవాళ్ళకి మనవాళ్ళే దిక్కు." ఆవిడ పాలు వేడి చేసి తెచ్చి, చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుక్కగుక్కగా తాగించింది. "మీలాంటివాళ్ళకి ఇల్లు ఇవ్వకపోతే ఆ మహాతల్లికే నష్టం. మీకు ముందు ఆ కింది గదిలో ఆరుగురు దిగారు. ఒక్కడూ రెండు నెలలు నిలవలేదు. మీరు మూడేళ్ళున్నారు. గోడకి మీరే రంగేశారు, కారే గొట్టానికి మీరే గుడ్డ కట్టుకున్నారు, నోరెత్తి ఒక్క మాటన్నారా? కోటికొకరు దొరుకుతారమ్మా ఇలాంటివాళ్ళు."

ఆ కాస్త మంచి మాటకే తల్లికి కళ్ళు నిండిపోయాయి.

"రేపు ఇంకోటి చూడ్డానికి వెళ్తున్నాం అక్కగారూ," అన్నాడు తండ్రి. "చిన్నదే గానీ గోడలు పొడిగా ఉన్నాయట. ఇదీ పోతే ఇంక తిరిగే ఓపిక మాకూ లేదు, దీనికీ లేదు. మీకు శ్రమే గానీ, ఇంకొక్క ఉత్తరం..."

"ఈసారి ఇంకాస్త గట్టిగా రాయండక్కగారూ," తల్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "చదివినవాళ్ళు ఇంక ఆలోచించకుండా రాయండి."

"నువ్వు అడగాలటే? ఈ పసిదాన్ని చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. ఇప్పుడే రాసి, అంటించి, మీ తలుపు కింద నుంచి తోస్తాను, సరేనా? రేపు మాత్రం దీన్ని దగ్గనివ్వకండి."

"దగ్గనత్తా," అంది చిట్టి. "ఈసారి అన్నీ ఆపుకుంటా."

తండ్రి పిల్లని ఎత్తుకున్నాడు. 'సొంత అక్క అయినా ఇంత చేస్తుందా' అనుకుంటూ ముగ్గురూ మెట్లు దిగి వెళ్ళారు. అక్కగారు తలుపేసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ ఊరి భాషలో ముత్యాల్లాంటి అక్షరాలతో పదోసారి కూడా అదే రాసింది: "అయ్యా, వీళ్ళు నా ఇల్లు గుల్ల చేశారు, అడిగితే కొట్టడానికి మీదికొస్తున్నారు, నేను పడుతున్న అవస్థ మీరు పడకండి, వీళ్ళకి మాత్రం ఇల్లు ఇవ్వకండి."