నిన్న వచ్చిన పదకొండు మంది

నాలుగు గంటలు అడవిలో నడిచాను. మోకాలెత్తు గడ్డి ఎక్కడా నలగలేదు. సాలెగూళ్లన్నీ నా మొహానికే చుట్టుకున్నాయి. పాత కలప క్యాంపుని చూడ్డానికి జనం రాకపోతే మూసేయమని మా ఆఫీసు ఉత్తర్వు. అది తేల్చడానికే వచ్చాను.

క్యాంపు ముందుగదిలో బల్ల మీదున్న సందర్శకుల పుస్తకం తెరిచాను. నిన్న పదకొండు మంది వచ్చారట!

"ఎగిరొచ్చారా వీళ్లు?" అన్నాను.

క్యాంపు కాసే ముసలి వాచ్‌మన్ పుస్తకం తన వైపు లాక్కోబోయాడు. "తేలిగ్గా నడిచే మనుషులు సార్."

"అందరిదీ ఒకటే చేతిరాత. ఎవరి చెవిలో పువ్వు పెడతావయ్యా?"

అతను మెల్లిగా వెళ్లి లోపలి గది తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. కలప దొంగలకి చోటిచ్చాడన్న అనుమానం నాకు గట్టిపడింది.

"పక్కకి జరుగు" అంటూ తలుపు తోశాను.

లోపల దొంగలూ లేరు, దుంగలూ లేవు. వరసగా చెక్క మంచాలు, దుమ్ము లేకుండా తుడిచి ఉన్నాయి. ప్రతి మంచం పైనా గోడ మీద కత్తితో చెక్కిన పేరు. వందేళ్ల కిందట ఇక్కడ చెట్లు కొట్టినవాళ్లవి. మొత్తం పదకొండు. పుస్తకంలో పేజీ పేజీకీ ఉన్నవి ఈ పేర్లే.

"పుస్తకం ఖాళీగా ఉంటే మూసేస్తారు కదా సార్" అన్నాడు తల దించుకుని. "లేనివాళ్లని పుట్టించడానికి మనసొప్పలేదు. వీళ్లు ఇక్కడ ఉన్నమాట నిజమే కదా."

పెన్ను నా చేతికిచ్చాడు.

"మీరూ రాయండి సార్. బతికున్న పేరు ఒక్కటైనా ఉంటుంది."