దారి లేని చోట

"రాయపూర్‌లో సముద్రం ఎప్పుడు పుట్టిందిరా?"

అప్పలసూరి అరుపుకి కొడుకు రాజేంద్ర చేతిలోని ఇడ్లీ ముక్క కంచంలో పడింది. నెహ్రూ నగర్‌లో ఆ వీధంతా వినే ఉంటుంది.

అప్పలసూరి ఫోను కొడుకు మొహం మీదికి తోశాడు. తెర మీది మ్యాపులో కూతురు కిరణ్మయి పేరుతో ఒక చుక్క. హథ్‌ఖోజ్‌లో తను పనిచేసే కంపెనీ వాళ్ళు ట్రైనింగిస్తున్నారని రాయపూర్ వెళ్ళిన పిల్ల. రెండు రోజులుగా కనపడని చుక్క ఇప్పుడే మళ్ళీ వెలిగింది, అదీ కొంకణ్ తీరంలో! ఆడపిల్ల గడప దాటితే లొకేషన్ పంపాల్సిందేనన్నది ఆ ఇంట్లో ఆయన పెట్టిన రూలు. ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూములో ముప్పై నాలుగేళ్ళు మీటర్లు చూసి రిటైరైన మనిషి మరి.

"ఇక్కడ రోడ్డేదిరా?"

"రోడ్డుండదు పప్పా. ట్రెకింగ్ వాళ్ళు రస్తా వదిలేసి నడుస్తారు. ఇదంతా ఖాళీ గడ్డి బయలు. ఆ నల్లగా ఉన్నవి జ్వాలాముఖి పహాడ్‌లు. ఎప్పటిదో లావా."

"గొడ్డు కూడా మెయ్యని సోట ఆడకూతురికేటి పని? ఎవుడితో ఎల్లిందంట?"

"దీదీకే ఫోన్ చేసి అడుగు."

చేశాడు. కవరేజీ క్షేత్రం బయట ఉందని హిందీలో ఒకావిడ తియ్యగా చెప్పింది. ఆవిడనీ ఓ తిట్టు తిట్టి, అప్పలసూరి పాత డైరీ తీసి డ్యూటీలో లాగే రీడింగు రాయడం మొదలుపెట్టాడు. తొమ్మిదీ ఇరవై, కొండ వాలు. తొమ్మిదీ ముప్పై అయిదు, కొండ అంచు.

తర్వాత చుక్క కదల్లేదు. దాని కింద అంతా నీలమే.

పది నిమిషాలైంది. పావుగంటైంది. అప్పలసూరి డైరీలో అదే రీడింగు మళ్ళీ రాశాడు.

"పడిపోనాదేటిరా?"

"అక్కడ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది పప్పా."

"దానికేటైనా అయితే..." భయం వేసినకొద్దీ గొంతు పెంచడం ఆయన అలవాటు. "ఇదంతా మీ యమ్మిచ్చిన అలుసు! అదక్కడ సింహాచలంలో అప్పన్న ముందర కళ్ళు మూసుకు కూకుంది. ఇక్కడ కూతురు కొండలట్టుకుని తిరుగుతంది!"

"అమ్మకి ఇప్పుడే చెప్పకు. టెన్షన్ పడుతుంది."

"పడనీ. కన్నాది కాదేటి?"

భార్య కన్నమ్మ బటన్ల ఫోనుకి కలిపాడు. అటు గంట మోగుతుండగానే రాజేంద్ర కేకేశాడు.

"పప్పా, కదిలింది! కొండ దాటేసి అవతలికి దిగుతోంది!"

అప్పలసూరి కుర్చీలో కూలబడ్డాడు. బతికే ఉంది. ఆ సంగతి తెలిసిన మరుక్షణం, పావుగంట నుంచీ భయం కింద అణిగి ఉన్న కోపమంతా ఒక్కసారిగా పైకి లేచింది. అటువైపు ఫోనెత్తిన చప్పుడైందో లేదో, హలో అనే అవకాశం కూడా ఇవ్వలేదు.

"ఇదేనేటే నీ పెంపకం? ఇంట్లో అబద్దమాడి, దారీ తెన్నూ నేని కొండల్లో ఊరేగుతంది! మన ఇంటా వంటా ఉందేటే ఈ తిరుగుడు? ఎవుడితో ఎల్లిందో, ఏటో! రానీ, ఈ గుమ్మం తొక్కనిస్తే నా పేరు అప్పలసూరి కాదు! ఏటే, పలకవేటి? నోట్లో బెల్లంగడ్డ ఎట్టుకున్నావా?"



"పప్పా, నేను కిరణ్మయిని. రాయపూర్‌లో క్లాసులోంచి బయటికొచ్చి మాట్లాడుతున్నాను. కొండల్లో మ్యాపు కావాలని అమ్మ తన ఫోను నాకిచ్చి, నాది పట్టుకెళ్ళింది."